పెట్రోలు వాసన పోయేదాకా

1959 ఏప్రిల్ 22

పొడి ఎండ. పొద్దున్నుంచే వేడిగాలి. రేకుల కొట్టం ముందు ఊడ్చి, బకెట్లలో ఇసుక నింపి పెట్టాను. నిన్నటి పెట్రోలు తేరుకుంది. అడుగున మడ్డి వదిలేసి, పైది పాత పంచెతో వడకట్టి డబ్బాలో పోశాను. సగానికి పైగా మళ్ళీ పనికొస్తుంది.

ఉతికినవి: నారాయణప్ప మగ్గాల పట్టుచీరలు రెండు. నేసేటప్పుడు పడిన నూనె మరకలు. రెండూ పోయాయి. ఒకదానిమీద పసుపు మరక కూడా ఉంది. పసుపును పెట్రోలు ఏమీ చేయలేదు. అట్లాగే ఇచ్చాను.

స్టేషను కొళాయి దగ్గర బిందెల వరసలో నిలబడి వచ్చిన మా అక్క రంజాన్ కొట్టం ముందు ఆగి తిట్టింది. "ధర్మవరంలో తాగేదానికి నీళ్ళు లేవు, ఈయప్ప పెట్రోలుతో గుడ్డలు ఉతుకుతాండాడు. ఎవురన్నా వింటే నవ్వుతారు." నీళ్ళు తగిలితే పట్టు రంగు వదులుతుందని, పెట్రోలు రంగు జోలికి పోకుండా జిడ్డును మాత్రమే తీసుకుపోతుందని, బెంగుళూరు లాండ్రీలో పనిచేసిన కాలంలో నేర్చుకున్నాను. అక్కకు చాలాసార్లు చెప్పాలనుకున్నాను.

చీరల కోసం హబీబా వచ్చింది. మా వీధి హుస్సేన్‌బీకి అక్క కూతురు. భర్త పోయాక ఇక్కడికి వచ్చి, నారాయణప్ప మగ్గాలకు దారం కండెలు చుట్టి ఇస్తుంది. "ఏం నూరన్నా, ఈ వాసనకు నీకు తల తిరగదా?" అంది. లేదన్నాను. ఆమె పోయాక తిరిగింది. తలుపు మూసి ఉండడం వల్ల. రేపటినుంచి తెరిచి పెట్టాలి.

ఏప్రిల్ 24

ఎండ. తలుపు తెరిచి పెట్టి పని చేశాను. తల తిరగలేదు. సాయంత్రం హబీబా కండెల బుట్టతో వీధిలో పోతూ తొంగిచూసి "ఏమన్నా, బాగుండావా?" అంది. అప్పుడు తల తిరిగింది. ఆవిరి వీధిదాకా పోతున్నట్టుంది. తొట్టిని ఇంకా వెనక్కి జరపాలి.

ఏప్రిల్ 27

గాలి, దుమ్ము. ఇసుక జల్లెడ పట్టాను.

లారీ బాలప్ప బెంగుళూరునుంచి తెల్ల పెట్రోలు డబ్బా తెచ్చాడు. బంకులో దొరికే రంగు పెట్రోలు తెల్ల గుడ్డకు పనికిరాదు. పోయిన నెల ఒకాయన పట్టుపంచె గులాబి రంగుకు తిరిగింది. డబ్బా మూత తీసి చూస్తుండగా బాలప్ప నోట్లో బీడీ కనబడింది. అరిచాను. బాలప్ప బీడీని కాలవలో పారేసి, నా వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఏమప్పా నూరూ, నీకు గొంతుకాయ కూడా ఉండాదా? ఇన్నేండ్లు మూగోడు అనుకుంటి."

అతడు పోయాక గోడమీద బొగ్గుతో రాశాను: ఇక్కడికి నిప్పు తేరాదు.

మధ్యాహ్నం హబీబా వచ్చి గోడ మీద ఏం రాశావని అడిగింది. చదివి వినిపించాను. ఎందుకు తేకూడదంది. పెట్రోలు కాలదు, దాని ఆవిరి కాలుతుందని చెప్పాను. ఆ ఆవిరి కంటికి కనపడదు, గాలికన్నా బరువు, పొగ మాదిరి పైకి పోకుండా నేలను పట్టుకుని పాకుతుంది, దూరంగా ఎక్కడో ఉన్న పొయ్యిని వెతుక్కుంటూ పోయి, అంటుకుని, వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. అందుకే ఉతికిన చీరను నీడన, గాలికి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరేయాలి. వాసన ఉండగా మడిస్తే మడతల్లో ఆవిరి నిలుస్తుంది. పైకి ఆరినట్టే ఉంటుంది.

ఆమె గడపమీద కూర్చుని అంతా విని, "అంటే వాసన ఉండేంతసేపూ నిప్పు ఉండేట్లే లెక్క" అంది. నేను ఇంత పొడుగ్గా చెప్పిన దాన్ని ఒక్క ముక్కలో చెప్పేసింది.

ఇన్ని మాటలు ఒకేసారి ఎవరితోనూ ఆడినట్టు గుర్తు లేదు. గొంతు ఆరిపోయింది. తల తిరిగింది. కొత్త డబ్బా కదా, ఘాటు ఎక్కువ.

మే 1

ఎండ. తొట్టి తోమాను. హబీబా తన సొంత చీర తెచ్చింది. పైటకొంగు మీద చెనక్కాయ నూనె మరక. చిన్నది. వెంటనే పోయింది. దుడ్లు తీసుకోలేదు. పెట్రోలు అయింది దోసెడు కూడా ఉండదు.

మే 4

ఎండ. హబీబా మళ్ళీ వచ్చింది. అదే చీర, అదే కొంగు, అదే నూనె. హుస్సేన్‌బీ ఇంట్లో నూనెడబ్బాకు చిల్లు పడినట్టుంది. తీసుకొస్తే మాటు వేసి ఇస్తానని చెప్పాలి.

అక్కతో అదే మాట అన్నాను. రొట్టె కాలుస్తున్నది కాస్తా అట్లకాడ ఎత్తి పట్టుకుని నా వైపు చూసింది. "చిల్లు నూనెడబ్బాకు కాదురా, నీ బుర్రకు పడింది. ఆ పిల్ల కావాలని పోసుకుంటాంది."

నూనె ఊరికే వస్తుందా? కరువులో ఎవరూ అట్లా చేయరు. అక్కకు అందరిమీదా అనుమానమే.

మే 6

పని లేదు. పెట్రోలు ముట్టలేదు. ఇంటి వెనక రేకుల కప్పుకు మేకులు కొట్టాను. హబీబా జల్లెడ అడగడానికి వచ్చింది. తల తిరిగింది. పాత ఆవిరి ఊపిరితిత్తుల్లో నిలిచిపోయి ఉండాలి. రెండు పూటలా మజ్జిగ తాగాలి.

మే 9

ఎండ. నిన్న సాయంత్రం నెలవంక కనబడింది. ఖాళీ నెల మొదలైంది. బక్రీదు నెల పొడిచేదాకా మా వాళ్ళలో పెళ్ళిళ్ళు చేయరు. ఇది ఎందుకు రాశానో తెలియదు. పనికి సంబంధం లేదు.

మే 12

ఎండ, పిప్పి చేసే పొడిగాలి. దువ్వెన పెడితే వెంట్రుకలు లేచి నిలబడుతున్నాయి. తాడుకు కొత్త ముడి వేశాను.

ఈరోజు జరిగింది జాగ్రత్తగా రాయాలి.

దండెం మీద నారాయణప్ప చీర ఆరుతోంది. వాసన పోయింది. హబీబా దాన్ని సర్రున లాగింది. చీర పొడుగునా చిటపట మంది. అంత వేగంగా లాగొద్దని చెప్పబోయి చేయి చాచాను. ఆమె చీర అందించింది. వేలికీ వేలికీ మధ్య చిన్న నిప్పు మెరిసి చిటుక్కుమంది.

"అబ్బా! కుట్టింది. నీకూనా?"

"ఊఁ."

"ఏం మాయ ఇది?"

మాయ కాదు. ఎండిన గాలిలో పట్టును రుద్దితే నిప్పురవ్వ పుడుతుంది. బెంగుళూరు గాలిలో తడి ఉంటుంది, అక్కడ నేనెప్పుడూ చూడలేదు. మన ఊరి గాలి వేరు. నేను నిప్పు తేవద్దని గోడమీద రాసుకున్నాను. నిప్పు నా చేతిలోనే, చీరలోనే పుడుతోంది. తొట్టి మూత తీసి ఉన్నప్పుడు ఇదే జరిగి ఉంటే కొట్టం, నేను, ఆమె, ఎవరూ మిగిలేవాళ్ళం కాదు.

రేపటినుంచి: పొద్దు పొడవక ముందే, గాలి చల్లగా ఉన్నప్పుడే ఉతకాలి. నేల తడపాలి. చుట్టూ తడి గోనెలు వేలాడదీయాలి. పట్టును రుద్దకూడదు, ముంచి, ఎత్తి, మెల్లగా పిండాలి. నీళ్ళ కోసం అక్కతో గొడవ తప్పదు.

వేలు సాయంత్రం దాకా జివ్వుమంటూనే ఉంది. అంత చిన్న రవ్వకు అంతసేపు ఉండకూడదు. కారణం తెలియలేదు.

ఇంకొకటి. ఆమె ఈరోజు నన్ను "అన్నా" అని పిలవలేదు.

మే 13

గోనెలు తడిపాను. అనలేదు.

మే 14

అనలేదు. అక్కనుంచి రెండు బిందెలకు తిట్లు. తల తిరుగుడు ఎక్కువైంది. మజ్జిగ పనిచేయడం లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు నవ్వు కూడా వస్తోంది. బెంగుళూరులో ఒక పనివాడికి ఎక్కువ ఆవిరి పీల్చి ఇట్లాగే నవ్వు వచ్చేది. అతణ్ణి ఇంటికి పంపించారు. నన్ను ఎవరు పంపుతారు?

మే 16

ఎండ. సాయంత్రం దూరంగా ఉరుము. వాన లేదు. డబ్బాల మూతలకు కొత్త తోలు వాషర్లు వేశాను.

నారాయణప్ప స్వయంగా వచ్చాడు. కూతురు పెళ్ళి ఇరవైనాలుగున. ముహూర్తం చీరను తన మగ్గంమీద తనే నేశాడట, మిరపపండు రంగు, జానెడు జరీ అంచు. చివరి రోజు కొంగు మీద నూనె చుక్క పడింది.

"నూరూ, ఇది మా పిల్ల ముహూర్తం చీర. మచ్చ పోవాల, మెరుపు పోకూడదు. పోయిందంటే నేను నీ మొగం చూడను, నువ్వు నా మొగం చూడొద్దు."

"ఊఁ" అన్నాను.

"ఊఁ అంటే ఏందప్పా? అవుతాదనా, కాదనా?"

"అవుతాది."

"అబ్బ! నోరు తెరిచినాడు" అని నవ్వి పోయాడు.

మే 18

అంచు చివర ఒక దారం మీద పరీక్ష చేశాను. జరీకి ఏమీ కాలేదు. హబీబా పక్కనే కూర్చుని చూసింది. నా చేతులు పగిలి ఉన్నాయని కొబ్బరినూనె చిన్న సీసాలో తెచ్చింది. పెట్రోలు ఒంట్లో జిడ్డును కూడా తీసేస్తుంది, అందుకే చర్మం పగులుతుందని చెప్పాను. "తెలుసు, అందుకే కదా తెచ్చింది" అంది. వెళ్ళేటప్పుడు "వస్తా" అని మాత్రమే అంది. దాని వెనక "అన్నా" అని తగిలించలేదు.

వీధి చివరిదాకా ఉన్న గుడిసెలు, మేకలు, స్టేషను వైపు పొగ, అన్నీ బాగున్నాయి ఈరోజు.

మే 20

ఎండ. పొద్దు పొడవక ముందే ముహూర్తం చీర ఉతికాను. మచ్చ పోయింది. కొట్టం నీడలో ఆరేశాను.

అన్నం దగ్గర అక్క చెప్పింది. హబీబాకు తనకల్లునుంచి సంబంధం వచ్చిందట. భార్య పోయినాయన. నూనెగానుగ ఉందట. బక్రీదు నెల పొడవగానే చూసుకోవడానికి వస్తారట. మొహర్రం లోపల నిఖా కావాలట.

"ఏమ్రా, ఇంటివా?"

"నూనెగానుగ అంటే నూనెకు కొదవుండదు" అన్నాను.

అక్క కంచం పక్కన పెట్టి లేచిపోయింది.

చీర మడిచి, కాగితంలో చుట్టి, నారాయణప్ప ఇంట్లో ఇచ్చి వచ్చాను. తల తిరగలేదు. అస్సలు తిరగలేదు.

మే 21

ఏ పనీ చేయలేదు.

పొద్దున హుస్సేన్‌బీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వచ్చింది. నారాయణప్ప ఇంట్లో ముహూర్తం చీరను కట్టేముందు చౌడేశ్వరమ్మ పటం ముందు తాంబాళంలో పెట్టి, కర్పూరం వెలిగించి చీరమీద తిప్పడం వాళ్ళ ఆచారం. నిన్న సాయంత్రం అందుకోసం చుట్టాలంతా చేరారు. నారాయణప్ప భార్య నాగలక్ష్మమ్మ కర్పూరం వెలిగించి, ప్లేటు ఎత్తింది. కండెల బుట్టతో గడప దగ్గర నిలబడిన హబీబా ఒక్క ఉరుకున లోపలికి పోయి, తాంబాళంలోని చీర లాక్కుని, వాకిట్లోకి విసిరేసింది. చీర దుమ్ములో పడింది. కర్పూరం కింద పడి ఆరిపోయింది.

"వాసన, వాసన అని మాత్రం అరిచిందంటప్పా. ఏం వాసనో ఎవురికీ తెల్దు. అమ్మోరి హారతి ఆరిపాయ, పిల్ల చీర నేలపాలాయ అని చుట్టాలంతా ఒకటే తిట్లు. నాగలక్ష్మమ్మ రేపటినుంచి మా ఇంటి గడప తొక్కొద్దనింది. కండెలు లేకుంటే మేము ఏం తినాల? తనకల్లోళ్ళకు తెలిస్తే ఏమనుకుంటారు?"

"హబీబా ఏమంటాంది?" అని అక్క అడిగింది.

"ఏమీ అనదు. ఆ చీర నూర్ అహమ్మద్ ఉతికినాడని ఒక్కమాట కూడా చెప్పలేదు అక్కడ. నేను అడిగితే, వద్దులే, ఆయన పని పోతాదంటాంది."

నేను నిన్న చీర ముక్కుకు పెట్టి చూడలేదు. ఎప్పుడూ చూస్తాను. నిన్న చూడలేదు.

తర్వాత రాస్తాను.

మే 22

ఎండ. పొద్దున అక్క కంటే ముందు లేచి నీళ్ళు తెచ్చాను.

నారాయణప్ప ఇంటికి పోయాను. పాతగుడ్డలు, గిన్నె, సీసాలో కొంచెం పెట్రోలు, పొడుగాటి వెదురుకర్ర, గోనెసంచిలో ఇసుక తీసుకుపోయాను. దారిలో హుస్సేన్‌బీ ఇంటి ముందు ఆగి, హబీబాను రమ్మని చెప్పాను. "వద్దు" అంది. "రా" అన్నాను. అంతే. ఆమె నా ముఖం ఒకసారి చూసి, బయలుదేరింది. వెనక హుస్సేన్‌బీ, ఆమె వెనక మా అక్క, వాళ్ళ వెనక వీధిలో సగం మంది.

నాగలక్ష్మమ్మ వాకిట్లోకి వచ్చింది. "ఏమప్పా, ఊరంతా తోలుకొచ్చినావు? ఆ పిల్లను యాడికి తెస్తాండావు? వద్దంటిని కదా?"

"అమ్మా, ఒక్క పని చూపిస్తా. తరవాత తిట్టు" అన్నాను.

పాత పట్టుగుడ్డను పెట్రోలులో ముంచి, పిండి, నీడలో కాసేపు ఆరేశాను. పట్టుకుని చూడమన్నాను. నాగలక్ష్మమ్మ పట్టుకుంది. "ఆరిపోయింది కదా?" అన్నాను. "ఆరింది" అంది. "వాసన?" అన్నాను. ఆమె ముక్కుకు పెట్టుకుని, "కొంచం" అంది. చీరను మడిచినట్టే మడిచి, కాగితంలో చుట్టి ఎండలో ఉంచాను. ఆ మధ్యలో చెప్పడం మొదలుపెట్టాను. ఆవిరి ఎట్లా పుడుతుంది, ఎట్లా పాకుతుంది, మడతలో ఎట్లా దాక్కుంటుంది, విప్పగానే ఎట్లా బయటికి వస్తుంది. ఆపడం తెలియలేదు. నీళ్ళమీద పెట్రోలు తేలుతుంది గనక నీళ్ళు పోస్తే మంట ఆరకపోగా ఇల్లంతా పాకుతుందని కూడా చెప్పాను. ఇది అవసరం లేదు. అయినా చెప్పాను.

"వీడేనా మాట్లాడేది?" అని ఎవరో వెనకనుంచి అన్నారు.

"మావాడే. పట్టించుకోవద్దండి, మొదటిసారి" అని మా అక్క.

గుడ్డను కాగితంలోంచి తీసి వాకిలి మధ్యలో తాంబాళంలో పెట్టాను. అందరినీ అరుగు ఎక్కించాను. వెదురుకర్ర చివర కర్పూరం కట్టి, వెలిగించి, దూరంనుంచి చాచాను. కర్పూరం గుడ్డకు ఇంకా తగలనే లేదు. భగ్గుమంది. మంట తాంబాళం నిండా లేచింది. ఆడవాళ్ళు ఒక్కసారిగా అరిచారు. ఇసుక కుమ్మరించాను.

నాగలక్ష్మమ్మ తన చేతులు చూసుకుంది. హారతి ప్లేటు పట్టుకున్న చేతులు. పక్కనే నిలబడి ఉన్న పెళ్ళికూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"వాసన పోకముందే మడిచినాను. తప్పు నాది. ఈ పిల్ల చీర లాగకుంటే మీ ఇంట్లో మంట లేచేది. మీరు ఆమెను తిట్టినారు" అన్నాను.

నారాయణప్ప మెల్లగా అడిగాడు. "నూరూ, నువ్వు ఎప్పుడూ తప్పు చేసేవాడివి కాదే. ఆ పొద్దు ఏమాయ? పెట్రోలు తలకెక్కిందా?"

"లేదు."

"మరి?"

మా అక్క నోరు తెరవబోయింది. కాలు తొక్కాను.

నాగలక్ష్మమ్మ హబీబా దగ్గరికి పోయి రెండు చేతులూ పట్టుకుంది. "నీకెట్లా తెలిసిందే తల్లీ, అంత దూరంనుంచి?"

"ఆయనే చెప్పినాడమ్మా. వాసన ఉంటే నిప్పు ఉండేట్లేనని."

"ఈయప్పనా? నీతో మాట్లాడతాడా?"

"నాతో శానా మాట్లాడతాడు" అంది హబీబా.

అరుగుమీద నవ్వులు. నేను ఇసుక గోనెలోకి ఎత్తడం మొదలుపెట్టాను. తల తిరిగింది. ఎంత తిరిగిందంటే ఇసుకతో పాటు తాంబాళం కూడా గోనెలో వేసుకుని ఇంటికి వచ్చేశాను. రేపు తిరిగి ఇవ్వాలి.

మే 24

గాలి. తాంబాళం తోమి ఇచ్చాను. నారాయణప్ప కూతురు పెళ్ళి. చీర మళ్ళీ ఉతికి, రెండు రోజులు ఆరేసి, ముక్కు పెట్టి, అక్క ముక్కు పెట్టించి, వీధిలో బయమ్మ ముక్కు కూడా పెట్టించి ఇచ్చాను. మెరుపు పోలేదు.

భోజనాల దగ్గర నాగలక్ష్మమ్మ హబీబాను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను చేయి కడుక్కుంటుంటే హబీబా చెంబు అందించింది.

"ఆ పొద్దు ఎట్లా మరిచిపోతివి? తల తిరిగిందా?"

"తిరగలేదు."

"అయితే?"

అదే కారణం అని చెప్పలేకపోయాను. చెంబు తిరిగి ఇచ్చాను. ఖాళీ చెంబు. ఆమె దాన్ని కాసేపు పట్టుకుని నిలబడి, పోయింది.

మే 30

ఎండ. నాలుగు చీరలు ఉతికాను. హబీబా రాలేదు. ఆమె ఇంట్లో నూనె మరకలు ఆగిపోయినట్టున్నాయి.

జూన్ 2

రాలేదు.

నవ్వు తగ్గింది. మజ్జిగ ఇప్పుడు పనిచేస్తున్నట్టుంది. మానేశాను.

జూన్ 5

ఎండ, మధ్యాహ్నం మబ్బు. తాళ్ళు మార్చాను. అక్క నన్ను అడక్కుండానే హుస్సేన్‌బీ ఇంటికి పోయింది. వచ్చి తలుపు దగ్గరే చెప్పులు విసిరేసింది.

"నీ గురించి అడిగినా. హుస్సేన్‌బీకి సమ్మతమే. ఆ పిల్ల ఏమనిందో తెలుసా? వీధిలో సగం మందికి పెట్రోలు పాఠం చెప్పిన నోరు కదా, నా దగ్గర అరిగిపోయిందా, తానే వచ్చి అడగమను అనింది. అడగకుంటే తనకల్లోళ్ళు వస్తారు, నేను వాళ్ళకు టీ ఇస్తా అనింది. పో, పోయి అడుగు."

"రేపు" అన్నాను.

"నీ రేపు మీద మన్ను పోయ."

జూన్ 6

పని ఎక్కువ ఉంది. పోలేదు.

జూన్ 7

బక్రీదు నెల పొడిచింది. వీధిలో పిల్లలు కేకలు వేశారు. అక్క నా వైపు చూసి ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 8

హుస్సేన్‌బీ ఇంటి దాకా పోయాను. తలుపు తెరిచే ఉంది. లోపల కండెల రాట్నం శబ్దం వినబడింది. అక్కడనుంచి స్టేషనుకు పోయి, రైలు వచ్చి, పోయేదాకా చూసి ఇంటికి వచ్చాను. తనకల్లు వాళ్ళు గురువారం వస్తారట.

జూన్ 10, బుధవారం

మబ్బు. గాలిలో తడి ఉంది. పట్టు చిటపటలాడడం లేదు. పొద్దున కొట్టం ఊడ్చి, గోనెలు మడిచి పక్కన పెట్టాను. ఒక చీర ఉతికి ఆరేశాను. తర్వాత ఉతికిన చొక్కా వేసుకుని, కొట్టం తలుపు వేసి, హుస్సేన్‌బీ ఇంటికి పోయాను. ఈసారి గడప దాటాను.

హుస్సేన్‌బీ చాప వేసింది. "ఏం నూరూ, ఇట్లొస్తివి?"

"వానాకాలం వస్తాంది" అన్నాను.

"వస్తే మంచిదే కదప్పా."

"గాలిలో తడి ఉంటే పెట్రోలు మెల్లగా ఆరుతాది."

"అట్లనా."

"కానీ రవ్వలు పుట్టవు. అందుకని రుద్దినా భయం లేదు."

హుస్సేన్‌బీ నా ముఖం, గోడ, మళ్ళీ నా ముఖం చూసింది. లోపల రాట్నం తిరుగుతోంది. ఇంకేం చెప్పాలో తోచక, బంకు పెట్రోలుకు రంగు ఎందుకు వేస్తారో చెప్పబోయాను. రాట్నం ఆగింది.

"పిన్నమ్మా" అంది హబీబా లోపలినుంచి, "పెట్రోలు సంగతి మాకంతా వచ్చునని చెప్పు ఆయనకు. ఇంకేమన్నా ఉంటే చెప్పమను."

లేచాను. మళ్ళీ కూర్చున్నాను. చాప వైపు చూస్తూ చెప్పాను. పెట్రోలు ముట్టని పొద్దు కూడా నాకు తల తిరుగుతాంది అన్నాను. తలుపు తెరిచినా, తొట్టి జరిపినా, మజ్జిగ తాగినా పోలేదు అన్నాను. తనకల్లు మాట విన్న పొద్దు ఒక్కటే తిరగలేదు, ఆ పొద్దే చీర వాసన చూడలేదు అన్నాను. నన్ను చేసుకుంటావా అని అడిగాను. ఇది హుస్సేన్‌బీని అడిగినట్టు అయింది, ఎదురుగా ఆమే ఉంది గనక. ఆమె "యా అల్లా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

హబీబా తలుపు దగ్గరికి వచ్చింది. చేతిలో సగం చుట్టిన కండె. నవ్వడం లేదు. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. "ఇది చెప్పేదానికి ఇన్ని దినాలా? ఎంత నూనె దండగ చేసినానో తెలుసా?"

హుస్సేన్‌బీ కంగారు పడింది. "తనకల్లోళ్ళు రేపు పొద్దున బస్సుకు వస్తారు కదే. వాళ్ళకేం చెప్పాల?"

"బస్సు ఛార్జీ దండగ చేసుకోవద్దని ఈ పొద్దే మనిషిని పంపు."

"నిజంగానా?"

"నిజంగానే. నాకు ఒక్కటే షరతు. కొట్టంలో నా రాట్నానికి తావు ఇయ్యాల. పని చేస్తాంటే చూసుకుంటా ఉంటా."

"కొట్టంలో కుదరదు" అన్నాను. "రాట్నం ఇరుసు రాపిడికి వేడెక్కుతాది. ఆవిరి నేలమీదనే ఉంటాది గనక, రాట్నం కూడా నేలమీదనే గనక..."

ఆమె పగలబడి నవ్వింది. హుస్సేన్‌బీ నవ్వింది. నేనూ నవ్వాను. ముగ్గురం చాలాసేపు నవ్వాం, ఎవరు ముందు ఆపాలో తెలియలేదు. ఇంట్లో, వరండాలో అని చివరికి ఒప్పందం అయింది. వరండాలో గాలి బాగా వస్తుంది.

ఇంటికి ఎట్లా నడిచి వచ్చానో తెలియదు. అక్కకు చెప్పాను. ఆమె నన్ను ఒక్కటి కొట్టి, ఏడ్చి, చక్కెర డబ్బా తీసుకుని వీధిలోకి పోయింది. ఇప్పుడు బయట ఒక్కొక్క ఇంటి ముందు ఆగి అందరి చేతుల్లో చక్కెర పోస్తోంది. బాలప్ప లారీ ఆపి హారన్ కొడుతున్నాడు. "ఏమప్పా మూగోడా, బయటికి రా!" అని అరుస్తున్నాడు. అక్క కూడా పిలుస్తోంది. అందరి మధ్యా హబీబా గొంతు కూడా వినబడుతోంది.

ముందు ఈరోజు పని రాసి పోవాలి. పొద్దున ఉతికిన చీర... హబీబా పిలుస్తోంది. రేపు రాస్తాను.